విదేశ విద్యార్థులును మన జాతీయ విద్యయును

మొన్నటి ఆదివారము సాయంకాలము పాకాల పఠనమందిరమున ఒక చర్చ జరిగినది. మన విశ్వవిద్యాలయములు విదేశ విద్యార్థులకు నూటికి ఇరువదియైదు చొప్పున స్థానము లీయవచ్చునన్న సంగతి యెవరో చదివి వినిపింపగా, అచ్చటనున్న ఒక గృహస్థు ఉలికిపడెను. ఆయన కుమార్తె యీ యేడు ఇంటర్మీడియేటు ముగించినది. "ఉన్న సీట్లే మన పిల్లలకు చాలకున్నవి గదా! వానిలో నాలుగవ వంతు పరదేశులకిచ్చిన మా గతి యేమి?" అని ఆయన యడిగెను. ప్రక్కనున్న యువకుడొకడు, "పరదేశులు మనకడకు చదువ వచ్చుట దేశమునకు గౌరవము కాదా? వారు తెచ్చు ధనము మన కళాశాలలకే గదా?" అని బదులు చెప్పెను. ఇరువురును దేశహితము గోరియే పలికిరి. అయినను ఇరువురును విషయమును సగము మాత్రమే చూచిరని మా యభిప్రాయము. తక్కిన సగమును పాఠకుల యెదుట నుంచుట మా విధి.

ముందు నిబంధన సంగతి విచారింతము. 2022వ సంవత్సరమున యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను వారు ప్రకటించిన మార్గదర్శక సూత్రములను బట్టి, విదేశ విద్యార్థులకు కేటాయింపదగిన స్థానములు మంజూరైన సంఖ్యలోనివి కావు. ఆ సంఖ్యకు పైన చేర్చునవి. అరువది మందికి మంజూరైన తరగతి యున్నచో, ఆ అరువదియు మన బిడ్డలకే యుండును; అంతకు మించి పదునైదు స్థానములవఱకు విదేశ పాసుపోర్టు గలవారి కీయవచ్చును. ఆ పదునైదును నిండకపోయినను వానిని మఱియొకరికి ఇయ్యరాదు. కావున ఆ తండ్రి భయము అక్షరార్థమున నిరాధారము. ఆయన కుమార్తె స్థానమును ఏ నేపాళీయుడును, ఏ నైజీరియావాసియు అపహరింపబోవుట లేదు.

కాని శాసన పత్రములను చదువుట వృత్తిగా గలవారికి ఒక సంగతి తెలియును. కాగితము మీది సంఖ్యను ఒక్క కలపుపోటుతో పెంచవచ్చును; ఉపాధ్యాయులను, ప్రయోగశాలలను, వసతి గృహములను అట్లు పెంచజాలము. అరువది మందికే చాలీచాలని ప్రయోగశాలలో డెబ్బదియైదు మంది నిలువబడినచో, నష్టపడునది మన బాలికయు, దూరదేశమునుండి వచ్చిన బాలుడును గూడ. వసతులను, ఉపాధ్యాయుల సంఖ్యను చూచుకొనియే ఆయా విద్యాసంస్థలు ఈ నిర్ణయము చేయవలెనని ఆ సూత్రములే చెప్పుచున్నవి. స్థానముల శాతము అందఱి నోటను నానినది. ఈ షరతు మాత్రము ఎవరి నోటను వినబడదు. తండ్రి భయమునకు నిజమైన యాధార మున్నచో అది యిచ్చటనే యున్నది.

ఇక యువకుని గౌరవము మాట. అఖిల భారత ఉన్నతవిద్యా గణనము ప్రకారము 2014-15లో మన దేశమున ఉన్నత విద్య నభ్యసించువారు 3.42 కోట్లు, 2021-22 నాటికి వారు 4.33 కోట్లయిరి. అందు స్త్రీలు 2.07 కోట్లు. ఒక తరము క్రిందట ఆడుపిల్లను ఉన్నత పాఠశాలకు పంపుటకే సందేహించిన కుటుంబములు నేడు విశ్వవిద్యాలయమునకు పంపుచున్నవనుట ఎవరికి సంతోషము కూర్పదు? ఈ వృద్ధి యథార్థమైనది. కాని ఆ 4.33 కోట్లలో విదేశ విద్యార్థులు 46,878 మంది మాత్రమే. అనగా తొమ్మిది వందల పైచిలుకు మందికి ఒక్కడు. 2019-20లో ఆ సంఖ్య 49,348 యుండెను. వారు నూట డెబ్బది దేశములనుండి వచ్చినవారని వినుటకు ఘనముగానే యున్నది. కాని అందు నూటికి ఇరువదియెనిమిది మంది మన పొరుగుననున్న నేపాళమునుండి వచ్చినవారు.

దీనికి ఎదురుగా మన దేశమునుండి వెలుపలికి పోయి చదువుచున్నవారు 2024 నాటికి పదుమూడు లక్షలకు పైబడిరి. ఒక్క అమెరికా దేశముననే 2023-24లో 3,31,602 మంది భారతీయ విద్యార్థులుండిరి. మఱుసటి యేడు ఆ సంఖ్య 3,63,019కి చేరెను. లెక్కల సంవత్సరములు వేఱైనను మొత్తముమీద భావము స్పష్టమే: ఇరువదియెనిమిది మందిని పంపి ఒక్కని రప్పించుకొనుచున్నాము. పొలము తాకట్టుబెట్టి, బ్యాంకు అప్పు తలకెత్తుకొని కుమారుని విమానమెక్కించిన తండ్రులు మా తాలూకాలో ఏ వీధికి పోయినను కనబడుదురు. వారిని మేము నిందింపము. పిల్లవాని భవిష్యత్తు ఎచ్చట కనబడిన అచ్చటికి పంపుట తండ్రి ధర్మము. కాని మన బిడ్డలే మన విద్యను విడిచి పోవుచుండగా, ఇతరుల బిడ్డలు దానిని వెదకికొని రావలెనని కోరుటకు ముందు మనము ఒక్కసారి అద్దములో చూచుకొనవలదా?

ఇచ్చట కొందఱు మఱియొక వాదము తెచ్చెదరు. జాతీయ విద్య యనగా మన భాష, మన శాస్త్రము, మన బిడ్డలు. విదేశీయులతో మనకేమి పని యని వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు సమాధానము మా పాకాల స్టేషనునుండి రైలెక్కినచో దొరకును. పాకాల మూడు దారుల కూడలి. ఒక దారి చంద్రగిరి మీదుగా తిరుపతికి పోవును. ఒకటి చిత్తూరు మీదుగా కాట్పాడికి పోవును. మూడవది మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా ధర్మవరమునకు పోవును. ఈ మూడవ దారిలోనే జాతీయ విద్యా చరిత్రమునందలి ఒక గొప్ప యధ్యాయము నడచినది.

అనిబిసెంటు అమ్మ 1915లో మదనపల్లెయందు దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పెను. 1917లో హోంరూలు ఉద్యమము దేశమును కదలించినప్పుడు ఆ కళాశాల విద్యార్థులు దానికి దూరముగా నుండలేదు. ఫలితముగా మద్రాసు విశ్వవిద్యాలయముతో దాని సంబంధము తెగిపోయెను. తెగిన కళాశాల మూతబడలేదు; అడయారునందు వెలసిన జాతీయ విశ్వవిద్యాలయములో చేరినది. ఆ విశ్వవిద్యాలయమునకు రవీంద్రనాథ ఠాకూరు అధ్యక్షుడు. 1919వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన మదనపల్లె కళాశాలలోనే ఆయన తన జనగణమన గీతమును ఆంగ్లమున అనువదించెను. దాని స్వరమును పాశ్చాత్య పద్ధతిలో లిఖించినది మార్గరెట్టు కజిన్సు అను ఐర్లండు వనిత. ఆమె భర్త జేమ్సు కజిన్సు ఆ కళాశాలకు అధిపతి. ఆయనయు ఐర్లండు దేశపు కవియే.

పాఠకులు ఒక్క క్షణము ఆలోచింతురుగాక. ప్రభుత్వపు గుర్తింపును పోగొట్టుకొని నిలిచిన జాతీయ కళాశాల అది. దాని స్థాపకురాలు ఇంగ్లండున పుట్టినది. దాని అధిపతి ఐర్లండువాడు. అధ్యక్షుడు వంగదేశీయుడు. విద్యార్థులు రాయలసీమ బాలురు. 1950 జనవరి 24న జాతీయ గీతముగా స్వీకరింపబడిన పాట ఆంగ్ల రూపమును దాల్చినది ఆ యావరణముననే. అక్కడ జాతీయత కేమి లోపము కలిగినది? పరదేశీయులు మన యింటికి పెత్తనమునకు వచ్చుట వేఱు, మన ఆశయమును తమదిగా జేసికొని వచ్చుట వేఱు. జాతీయ విద్య మొదటిదానిని ఎదిరించినది. రెండవదానికి తలుపు తెఱచినది. 1921లో ఠాకూరు నెలకొల్పిన విశ్వభారతిలో ఫ్రాన్సు దేశపు పండితుడు సిల్వేన్ లెవీ పాఠము చెప్పుటయు, 1937లో చీనా భవనము వెలయుటయు ఈ భావమునకే ఫలములు.

మచిలీపట్టణమున 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిన కోపల్లె హనుమంతరావుగారును, ఆయన సహచరులు ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లును కోరినది గూడ గోడలు కట్టుకొని కూర్చుండుట కాదు. వారు చేతిపనిని చదువుతో జోడించిరి. చిత్రకళను నేర్పుటకు వంగదేశమునుండి ప్రమోదకుమార ఛటర్జీని పిలిపించిరి. హనుమంతరావుగారు న్యాయవాది పట్టా చేతనుండియు ఆ వృత్తిని కాదని, 1922లో కన్నుమూయువఱకు ఆ కళాశాలకే తన యాయువును ధారవోసెను. ఆ వృత్తిలోనే యుండి అన్నము తినుచున్న మావంటివారు ఆ పేరు వ్రాయునపుడు కొంచెము సిగ్గుపడుటయు న్యాయమే.

ఇంకను వెనుకకు పోయి చూతము. నాగార్జునకొండయందు ఇక్ష్వాకుల నాటి శాసనములు సింహళ విహారమును పేర్కొనుచున్నవి. సింహళమునుండి వచ్చిన భిక్షువులకు కృష్ణాతీరమున వసతి కట్టించినవారు మన పూర్వులు. క్రీస్తు శకము ఏడవ శతాబ్దమున చీనాదేశపు యాత్రికుడు హ్యూయన్ త్సాంగు నలందయందు చదివిన పిమ్మట ఆంధ్రదేశమునకు వచ్చి, ధాన్యకటకమున కొన్ని మాసములు నిలిచి అభిధర్మ గ్రంథములు పఠించెను. ఆతడు అంత దూరము నడచి వచ్చుటకు కారణమేమి? మన ప్రభువులు ప్రకటన లచ్చొత్తించి పంపినందున కాదు. శాతములు నిర్ణయించినందున కాదు. ఆ గ్రంథములను చక్కగా నెఱిగిన గురువు లిచ్చటనుండిరి. వారిని వెదకుకొని వచ్చెను. ఈ చిన్న సత్యమే మా వాదమునకు మూలము.

మా సీమకు మఱింత దగ్గఱి నిదర్శనము కావలెనన్నచో కడపలో నున్నది. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన ఛార్లెసు ఫిలిప్పు బ్రౌను తెలుగు పండితుల యెదుట కూర్చుండి భాష నేర్చెను, తాళపత్రములను సేకరించెను, 1829లో వేమన పద్యములను అచ్చొత్తించెను, 1852లో తెలుగు నిఘంటువును వెలువరించెను. ఆయన పాలక జాతివాడు. విద్యార్థి పత్రము నింపి వచ్చినవాడు కాడు. అయినను రాయలసీమ గడ్డమీద తెలుగు చదివిన విదేశ విద్యార్థులలో ఆయనను మించినవాడు లేడు. ఒక్క నిజమైన విద్యార్థి వచ్చినందున ఒక భాషకు ఎంత మేలు కలిగెనో చూడుడు. వేయిమంది రుసుము చెల్లించువారు వచ్చినను కలుగని మేలది.

నేడు మనయొద్ద నేర్పదగినది లేదా? పాకాలనుండి మొదటి దారి పట్టి తిరుపతికి పోవుదము. అచ్చట 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1983లో వెలసిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము, పశువైద్య విశ్వవిద్యాలయము, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైన సంస్కృత విద్యాపీఠము కలవు. 2015నుండి ఐఐటీయు, ఐసరును వచ్చి చేరినవి. ఒక్క పట్టణము చుట్టును ఇన్ని విద్యాసంస్థలుండుట దేశములో అరుదు. వానికి తోడు అన్నమాచార్యుల సంకీర్తనల రాగిరేకులు, తిరుమల శాసనములు, శ్రీకాళహస్తి కలంకారి పనివారి చేతి నేర్పును ఇచ్చటనే యున్నవి. వీనిని చదువ దలచినవాడు పారిసునకు గాని బోస్టనునకు గాని పోయిన లాభము లేదు, ఇచ్చటికే రావలెను.

మూడవ దారిలో కదిరి దిగుడు. అచ్చటి వ్యవసాయ పరిశోధన స్థానమున పుట్టిన వేరుసెనగ వంగడములు ఆ యూరి పేరుతోనే దేశమంతట విత్తబడుచున్నవి. వాన చాలని యెఱ్ఱనేలలో పంట తీయు విద్య మా సీమ రైతు కష్టములనుండి పుట్టినది. సెనెగలు, నైజీరియా, సూడాను దేశములవారును వేరుసెనగ పండించి బ్రతుకువారే. వారికిని అనావృష్టి బాధ యెఱుకయే. ఆ దేశపు యువకుడు వ్యవసాయ శాస్త్రము చదువ గోరినచో వానికి మా కరవు నేలకన్న మంచి పాఠశాల యెక్కడ? ఇతరులవద్ద నుండి యెరువు తెచ్చుకొన్న పాఠమును మరల ఇతరులకే అమ్మజూచుటకన్న, మన బ్రతుకునుండి పుట్టిన విద్యను పంచుకొనుట మేలు. జాతీయ విద్య యనగా మా మనస్సున నున్న యర్థ మిదియే.

అయితే పాఠము చెప్పువారేరి? 2023లో మన రాష్ట్ర విశ్వవిద్యాలయములలో 3,220 అధ్యాపక స్థానముల భర్తీకి ప్రకటన వెలువడినది. ఒక్క ప్రకటనలో ఇన్ని వేల స్థానములు చూపవలసి వచ్చినదన్నచో ఎన్ని యేండ్లుగా ఆ పీఠములు ఖాళీగా నుండెనో ఊహించుకొనవచ్చును. తాత్కాలికముగా, మాసమునకింతయని, గంటకింతయని నియమింపబడిన యువ పండితులు ఏండ్లతరబడి బోధించుచున్నారు. వారి యోపికకు మేము నమస్కరింతుము. కాని రేపటి యన్నమునకు నమ్మకము లేని గురువునొద్దకు సముద్రములు దాటి శిష్యుడు వచ్చునా? 1964-66 నాటి కొఠారీ సంఘమువారు జాతీయాదాయమున నూటికి ఆఱు వంతులు విద్యకు వ్యయము చేయవలెననిరి. 2020 జాతీయ విద్యా విధానమును అదే మాట పలికినది. అర్ధ శతాబ్దము గడచినను ఆ మాట మాటగానే యున్నది. ఆ విధానమే భారతదేశము విశ్వగురువు కావలెననియు, స్వల్ప వ్యయమున ఉత్తమ విద్య నిచ్చి విదేశ విద్యార్థులను ఆకర్షింపవలెననియు చెప్పుచున్నది. గురుపీఠము ఖాళీగా నుంచి గురుత్వమును ప్రకటించుకొనుట ఎట్టిదో పాఠకులే నిర్ణయింతురుగాక.

ధనము సంగతి యున్నది. విదేశ విద్యార్థులనుండి హెచ్చు రుసుము తీసికొనుట తప్పని మేమనము. తమ దేశమున పన్నులు కట్టువారి బిడ్డలకు మన పన్నులతో చదువు చెప్పనక్కఱలేదు. కాని ఆ ధనమెంత వచ్చినదో, ఎచ్చట వ్యయమైనదో, ఏటేట ప్రజలకు తెలియజేయవలెను. అందొక భాగము ఈ సీమలోని బీద విద్యార్థుల వేతనములకు పోవలెను. అటులైనచో పఠనమందిరమున భయపడిన తండ్రికి విదేశ విద్యార్థి పోటీదారుగా గాక తన కుమార్తెకు సహాయకుడుగా కనబడును. లెక్క చెప్పనిచో విద్య వర్తకమగును. వర్తకమున శిష్యుడు కొనుగోలుదారు, గురువు అంగడివాడు. అట్టి విద్యకు జాతీయమను పేరు తగదు.

అన్నిటికన్న ముఖ్యమైనది మన నడవడి. 2016లో బెంగుళూరునగరమున టాంజానియా దేశపు విద్యార్థినిని ఒక గుంపు కొట్టి అవమానించినది. ఆమె చేసిన తప్పేమియు లేదు; అదే చోట అంతకు ముందు మఱియొక దేశీయుని మోటారుబండి వలన జరిగిన ప్రమాదమునకు కోపము ఆమె మీద చూపబడినది. 2017లో గ్రేటరు నోయిడాలో నైజీరియా విద్యార్థులు దెబ్బలు తినిరి. 2025 ఫిబ్రవరిలో భువనేశ్వరమున ఒక విద్యాసంస్థయందు నేపాళ బాలిక మరణింపగా, న్యాయమడిగిన నేపాళ విద్యార్థులనే వసతి గృహములనుండి వెడలగొట్టిరి. ఇవి ఆ యా పట్టణముల తప్పులని మనము చేతులు దులుపుకొనరాదు. మేని రంగును బట్టి ఇల్లు అద్దె కీయనివారు మన పట్టణములలో లేరా? వీధిలో పోవు నల్లని యువకుని చూచి నవ్వువారు లేరా? మన బిడ్డలకు పరదేశమున చిన్న యవమానము జరిగినను పత్రికలన్నియు ఘోషించును, అది న్యాయమే. ఆ న్యాయమునకు రెండు వైపులు కలవు. "అతిథి దేవో భవ" యను నుపనిషద్వాక్యమును రైలు స్టేషను గోడలమీద వ్రాసికొన్నంతమాత్రమున అతిథికి ఆదరము దొరకదు.

కాబట్టి మేము కోరునవి నాలుగే. ఖాళీగానున్న అధ్యాపక పీఠములు నిండిన శాఖలయందే అదనపు స్థానములు తెఱవవలెను. విదేశ విద్యార్థుల రుసుము లెక్క ఏటేట ప్రకటింపవలెను. ఇచ్చటికి వచ్చు ప్రతి విద్యార్థికిని మొదటి కొన్ని మాసములు తెలుగు నేర్పవలెను. తరగతిలో ఆంగ్లము చాలవచ్చునుగాని, సంతలో కూరలు కొనుటకు, పొలముగట్టున రైతుతో మాటలాడుటకు, జబ్బు చేసినపుడు పొరుగువారిని పిలుచుటకు తెలుగు కావలెను. నాలుగవది ప్రభుత్వము చేయజాలనిది; మనము చేయవలసినది. సెలవు దినములలో ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క విదేశ విద్యార్థిని తమ యింటికి భోజనమునకు పిలువవలెను. పఠనమందిరములు వారిని ఆహ్వానించి వారి దేశపు సంగతులు వినవలెను. తిరుపతి యెంత దూరము? రైలెక్కిన గంట ప్రయాణము.

మా పఠనమందిరపు కార్యనిర్వాహకులు ఈ పనికి మొదలుపెట్ట నిశ్చయించిరని తెలుపుటకు సంతసించుచున్నాము. మొదటి సభకు ఆ గృహస్థును, ఆయన కుమార్తెను తప్పక రావలసినదిగా ప్రార్థించుచున్నాము. ఆ బాలిక రేపు తిరుపతిలో ఏ కళాశాలలో చేరినను, ఆమె ప్రక్క బల్లమీద కాబూలునుండియో, ఖాట్మండునుండియో, డాకరునుండియో వచ్చిన మఱియొక బాలిక కూర్చుండవచ్చును. ఇరువురికిని సరియైన గురువు, సరియైన పుస్తకము, సరియైన గౌరవము దొరకిన నాడు మన విద్య జాతీయమును అగును, అంతర్జాతీయమును అగును. అందులో ఒక్కరికి లోపించినను రెండును కాజాలదు.